పిండిలో కలిపిన పాలు

తెల్లారి ఆరు దాటింది. సందీలే దొడ్డిలో రెండావులకీ పాలు పితికి, బకెట్టు వంటింటి గుమ్మంలో పెట్టి, తన టాక్సీ వ్యాను తీసుకుని వెళ్ళిపోయాడు. ఉమ్తాత పట్నానికి వెళ్ళేవాళ్ళ కోసం కొండ మలుపు దాకా అతను హారను కొడుతూనే ఉన్నాడు.

వంటింటిగా వాడుకునే చుట్టింట్లో అతని భార్య యోలిస్వా రొట్టెపిండి కలపడానికి కూర్చుంది. వీపున శాలువాతో కట్టుకున్న తొమ్మిది నెలల పాప నిద్రపోతోంది. పిండిలో ఉప్పు, పంచదార, ఈస్టు వేసి, మధ్యలో గుంట చేసి, ఒకసారి తలుపు వైపు చూసింది. బయట ఎండలో బల్ల మీద కూర్చున్న అత్తగారి వీపు మాత్రమే కనిపించింది. గోడకు వేలాడుతున్న సొరబుర్ర తీసి, అందులోని పులిసిన పాలు గబగబా పిండిలో ఒంపింది. తెల్లటి పాలు తెల్లటి పిండిలో జాడ లేకుండా కలిసిపోయాయి. బుర్రను మళ్ళీ మేకుకు తగిలించి, దాని మూతి మీది చుక్కను వేలితో తుడిచింది. నలభై రోజులుగా చేస్తున్న పనే అయినా ఆ భయం తగ్గలేదు.

"ఇంకా కాలేదా, నర్సమ్మా?" బయటి నుంచి గొంతు వినిపించింది. "ఊళ్ళో అందరి ఎముకలూ బాగుచేసే దానివి, ఇంట్లో మనిషికి గుక్కెడు టీ ఇవ్వడానికి తీరదా?"

"వస్తున్నా, అత్తయ్యా."

"నువ్వు వచ్చేలోపు నా మిగతా ఎముకలు కూడా విరుగుతాయి."

అత్తగారికి అరవై మూడేళ్ళు. అందరు కోడళ్ళలాగే ఆమెనూ పుట్టింటి వంశం పేరుతో మాబేలే అనే పిలుస్తారు. అసలు పేరు చర్చి రిజిస్టరులో తప్ప ఎక్కడా లేదు. కాపురానికి వచ్చినప్పుడు గుమ్మం పైకమ్మి తగలకుండా తల వంచుకుని ఇంట్లోకి వచ్చేదట. ఇప్పుడు వంచక్కర్లేకుండానే వస్తోంది. నడుమే వంగిపోయింది.

ఎడమ మణికట్టు విరిగి మూడు నెలలైంది. జారిపడి విరగలేదు. పేడతో నేల అలికి, లేవడానికి చెయ్యి నేలకు ఆనించింది, అంతే. ఎండిన మొక్కజొన్న దంటు విరిచినట్టు చప్పుడైంది. పట్నంలో డాక్టరు ఎక్స్‌రే చూసి, ఆమెను బయట కూర్చోబెట్టి, యోలిస్వాతో చెప్పాడు. "ఎముక లోపలంతా బీరపీచులా ఉంది. ఈసారి పడితే తుంటి విరుగుతుంది. ఈ వయసులో తుంటి విరిగితే మళ్ళీ లేచి నడవడం కష్టం. మాత్రలు రాస్తాను. కానీ తిండి ముఖ్యం. పాలు తాగుతుందా?"

"ఇంట్లో ఆవులున్నాయి, డాక్టరు గారూ," అంది యోలిస్వా. అది ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు కాదని ఆమెకూ తెలుసు.

మాబేలే పాలు ముట్టదు. "నాకు పడవు, కడుపులో తిప్పుతుంది," అంటుంది. పొడి సంకటి మీద ఇంటిల్లిపాదికీ పులిసిన పాలు వడ్డించేది ఆమే. తన గిన్నెలో మాత్రం డికాషన్ టీ పోసుకుని తింటుంది. "నా చిన్నప్పట్నుంచీ అమ్మ అంతే," అనేవాడు సందీలే. డాక్టరు రాసిన మాత్రలు ఊరి క్లినిక్కులో ఒక నెల దొరికాయి. రెండో నెల, "పైనుంచి రాలేదు, తిండితో నెట్టుకురండి," అని సిస్టరు చేతులెత్తేసింది.

క్లినిక్కు తరఫున ఇల్లిల్లూ తిరిగి ఆరోగ్యం మాటలు చెప్పడం యోలిస్వా ఉద్యోగం. పసిపిల్లల బరువు చూడడం, క్షయ మాత్రలు మింగారో లేదో కనుక్కోవడం ఆమె పనులు. ఈ చలికాలం నుంచి కొత్త పని అప్పగించారు. ఆ కొండల్లో యాభై దాటిన ఆడవాళ్ళు వరసగా మణికట్లూ నడుములూ విరగ్గొట్టుకుంటున్నారు. చిన్నప్పట్నుంచీ తలమీద నీళ్ళ డబ్బాలూ కట్టెల మోపులూ మోసి, వరసగా పిల్లల్ని కని, అందరూ తిన్నాక మిగిలింది తిన్నవాళ్ళు వాళ్ళు. వాళ్ళకి ఎముకల గురించి చెప్పాలి. చెప్పబోతే, "ముందు మీ అత్త సంగతి చూసుకోవే," అని మొహం మీదే నవ్వేవారు.

అత్త సంగతి చూద్దామంటే అత్త చూడనిచ్చేది కాదు. యోలిస్వా పాలు తాగుతుంటే ఆ గిన్నె వైపే చూస్తూ కూర్చునేది. "తాగు, తాగు. పాపకి పాలు పడాలిగా," అనేది. ఆ మాట ఎంత పుల్లగా ఉండేదంటే, గొంతు దిగిన పాలు కూడా వెనక్కి వచ్చేవి. గుక్కలు లెక్కపెడుతోందని అనుకునేది యోలిస్వా. అసలు తనకు ఈ ఇంట్లో పాలు ముట్టించేలా చేసిందే ఈవిడ. కొత్త కోడలు అత్తింటి మంద పాలు తాగకూడదు. మేకను కోసి, ఆ వంశంలో పెద్దలు తమ చేత్తో ముట్టించాకే ఆ పాల మీద ఆమెకు హక్కు. కొన్ని ఇళ్ళలో నెలలు పడుతుంది, కొన్ని ఇళ్ళలో ఏడాది. యోలిస్వాకు మాత్రం పెళ్ళైన రెండో రోజే జరిగింది. బంధువులు అలిసిపోయామన్నా వినకుండా, "రేపు కాదు, ఇవాళే. మేక ఎక్కడ?" అని మాబేలే అందర్నీ పరుగులెత్తించింది. తొందరగా పనిలో పెట్టడానికే అనుకుంది యోలిస్వా అప్పుడు.

ఇంతకీ పిండిలో పాలు కలపాలన్న ఆలోచన ఒక చావింట్లో పుట్టింది. నెలన్నర కిందట మాబేలే తమ్ముడి భార్య పోతే, అత్తాకోడళ్ళిద్దరూ అవతలి లోయకు వెళ్ళారు. నీళ్ళ కోసం ఇంటి వెనక్కు వెళ్ళిన యోలిస్వా అక్కడే ఆగిపోయింది. మాబేలే ఒక్కతే గోడవారన కూర్చుని, పెద్ద గిన్నెడు పులిసిన పాలు చెక్కగరిటెతో తింటోంది. అయిపోయాక మళ్ళీ నింపుకుంది. అడుగు కూడా గీకింది. కడుపులో ఏమీ తిప్పలేదు.

'అంటే అంతా పంతమన్నమాట,' అనుకుంది యోలిస్వా. 'ఒకసారి పడవని చెప్పింది కాబట్టి ఇక మాట మార్చుకోదు. పైగా ఇప్పుడు తాగమంటున్నది నేను. మాట నెగ్గించుకోవడానికి మంచం పడుతుంది, కానీ నా మాట వినదు.' చెంపదెబ్బ తిన్నట్టయింది ఆమెకు. ఇంటికి వచ్చిన మర్నాడే సొరబుర్ర తీసి పిండిలో ఒంపింది.

ఆ పొద్దున రొట్టె ఆవిరి మీద ఉడికింది. మాబేలే ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని, రెండోది తుంచింది.

"ఈమధ్య నీ రొట్టె రొట్టెలా ఉంటోంది," అంది కోడలి మొహం చూడకుండా. "మొదట్లో దీంతో కుక్కల్ని కొట్టి తరమొచ్చు అన్నట్టుండేది."

"ఇవాళ చర్చి హాల్లో ఎముకల మీటింగుంది, అత్తయ్యా. మీరూ వస్తే..."

"నా ఎముకల గురించి నాకు తెలుసు. నువ్వు పుట్టకముందు నుంచీ వాటిని నేనే మోస్తున్నా."

రేకుల చర్చి హాల్లో ముప్ఫైమంది దాకా వచ్చారు. బియ్యం పంచుతారేమోనని సగం మంది, కూతుళ్ళ పోరు పడలేక సగం మంది. యోలిస్వా పోస్టర్లు పక్కన పెట్టి, ఒక్కొక్కరి అరచేతిలో రెండు మొక్కజొన్న గింజలు పెట్టింది.

"రెండూ చూడండి. ఏమైనా తేడా ఉందా?"

"ఒకటేలా ఉన్నాయి," అన్నారు.

"ఇప్పుడు రెండువేళ్ళ మధ్య పెట్టి గట్టిగా నొక్కండి."

ఒక గింజ రాయిలా నిలిచింది. రెండోది పురుగు తొలిచిన గింజ, పొడైపోయింది. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి.

"మన ఎముకలూ అంతే. బయటికి బాగానే ఉంటాయి. లోపల తొలిచేసి ఉంటుంది. కడుపులో బిడ్డకి కావలసింది మన ఎముకల్లోంచే పోతుంది. పాలిచ్చేటప్పుడూ అంతే. పోయింది తిరిగి పెట్టుకోవాలి కదా? పాలు, పులిసిన పాలు, ఆకుకూరలు, డబ్బాచేప తింటే ముళ్ళతో సహా నమిలెయ్యడం."

"మా ఆయన ఎముకలు గట్టివేనే," అంది పక్కింటి నోజింతో వెనక నుంచి. "బుర్రకే పురుగు పట్టింది. దానికేమైనా ఉందా?"

హాలంతా ఘొల్లుమంది. యోలిస్వాకు ధైర్యం వచ్చింది. వీళ్ళు తనతో కలిసి నవ్వడం ఇదే మొదటిసారి.

"మా అత్త పాలు ముట్టదే," అంది ముందు వరసలో ఒక కోడలు. "బతిమాలినా తాగదు. ఏం చెయ్యను?"

"రొట్టె తింటుందా?"

"రొట్టె ఎందుకు తినదు!"

"నీళ్ళకి బదులు పులిసిన పాలు పోసి కలుపు. ఎవరికీ తెలియదు, మెత్తగా కూడా వస్తుంది," యోలిస్వా నవ్వు ఆపుకోలేకపోయింది. "మా ఇంట్లో ఒకావిడ నలభై రోజులుగా తింటోంది. ఇన్నాళ్ళకి నీ రొట్టె రొట్టెలా ఉందని మెచ్చుకుంటోంది కూడా!"

మళ్ళీ నవ్వులు లేచాయి. కానీ ఈసారి తలుపు దగ్గర మొదలై ఒక్కొక్క వరసే నవ్వడం మానేసింది. యోలిస్వా తలెత్తింది.

గుమ్మంలో మాబేలే కర్ర పట్టుకుని నిలబడి ఉంది. ఆదివారం తప్ప తియ్యని నీలం శాలువా కప్పుకుంది. తలగుడ్డ కొత్తది. పిలవడానికో తిట్టడానికో కాదు, వినడానికి వచ్చిందని ఆ శాలువా చూడగానే యోలిస్వాకు అర్థమైంది.

"మన దొడ్డి పాలేనా?" అంది మాబేలే.

ముందు వరసలోని కోడలు తల వంచేసింది.

"నిన్నే అడుగుతున్నా. ఆ రొట్టెలో కలిపింది మన దొడ్డి పాలేనా, కొట్లో పాలా?"

"మన పాలే, అత్తయ్యా. మీ ఎముకల కోసం..."

మాబేలే వెనక్కి తిరిగింది. చర్చి గోడవారన వంగి, గొంతులోకి రెండువేళ్ళు పెట్టుకుని, కక్కడానికి ప్రయత్నించింది. పొద్దున తిన్నది ఎప్పుడో అరిగిపోయింది. ఏమీ రాలేదు. మళ్ళీ మళ్ళీ ప్రయత్నించింది. ముప్ఫైమంది ఆడవాళ్ళు హాల్లోనే ఉండి ఆ చప్పుడు విన్నారు. పట్టుకోబోయిన యోలిస్వా చేతిని కర్రతో తోసేసింది.

"ముట్టుకోకు. నువ్వు పెట్టింది చాలు."

సాయంత్రం సందీలే వచ్చేసరికి మిగిలిన రొట్టె కోళ్ళ ముందు పడి ఉంది. పొయ్యి రాజుకోలేదు. తల్లి బయట బల్ల మీద, భార్య లోపల చాప మీద కూర్చున్నారు.

"దీన్ని పుట్టింటికి పంపించు," అంది మాబేలే. "నీవల్ల కాకపోతే చెప్పు, నేనే నా తమ్ముడింటికి పోతా. ఇద్దరం ఒక కప్పు కింద ఉండం."

"ఏమైందమ్మా? పాలేగా కలిపింది, విషం కాదుగా!"

"పాలేగా?" ఆమె నెమ్మదిగా లేచింది. "జోలా వంశంలో పుట్టిన మగవాడు అనాల్సిన మాటేనా ఇది? పాలేగా అట! రేపు పొద్దున మీ చిన్నాన్నని రమ్మను. ఆయన ముందే మాట్లాడతా. అంతవరకూ నాకు ఈ ఇంట్లో నీళ్ళు కూడా వద్దు."

సందీలే లోపలికి వచ్చి గొంతు తగ్గించాడు. "నలుగురిలో చెప్పి నవ్వించాల్సిన అవసరమేంటే? మా అమ్మ పరువు తీశావు."

"పరువు విరిగితే అతుక్కుంటుంది. తుంటి అతుక్కోదు," అంది యోలిస్వా. "ఆవిణ్ణి ఎత్తి పక్కమీద తిప్పేది ఎవరు? నువ్వా? నువ్వు వ్యాను ఎక్కేస్తావు."

"అందుకని దొంగతనంగా పెడతావా?"

"పెడతా. ఆవిడ మీ మామయ్య ఇంట్లో రెండు గిన్నెలు తాగింది. నా కళ్ళతో చూశా. ఆ మాట రేపు అందరి ముందూ అడుగుతా."

మర్నాడు శనివారం. వెలీలే చిన్నాయన పొద్దున్నే వచ్చాడు. చనిపోయిన సందీలే తండ్రికి ఆయన ఒక్కగానొక్క తమ్ముడు. అరవై ఏళ్ళవాడు. ఇప్పుడు ఆ వంశానికి ఆయన మాటే పెద్ద మాట. టోపీ మోకాలి మీద పెట్టుకుని, పెద్ద చుట్టింట్లో మగవాళ్ళ వైపు కూర్చున్నాడు. యోలిస్వా గుమ్మం పక్కన చాప మీద తలవంచుకుని కూర్చుంది. మాబేలే ఎదురుగా కూర్చుంది. రాత్రి ఏమీ తినలేదని ఆమె పెదాలు చెబుతున్నాయి.

"చెప్పు, వదినా," అన్నాడు వెలీలే.

"చెప్పడానికేముంది. నీ కోడలు నలభై రోజులుగా నాకు తెలియకుండా దొడ్డి పాలు తినిపించింది. ఊరందరి ముందూ చెప్పుకుని నవ్వింది. దీన్ని తీసుకెళ్ళి వాళ్ళవాళ్ళకి అప్పగించు."

"నిజమేనా, కోడలుపిల్లా?"

"నిజమే, చిన్నమామయ్యా. నలుగురిలో చెప్పడం తప్పే. కాళ్ళ మీద పడమంటే పడతా. కానీ పెట్టడం తప్పని మాత్రం అనను." ఆమె తలెత్తింది. అత్తింటి పెద్దల ముందు కోడలు అలా తలెత్తకూడదు. "డాక్టరు చెప్పింది విన్నది నేను. ఒక్కసారి పడిందంటే ఈవిడ లేవదు. పాలు పడవంటుంది. పడకపోవడం అబద్ధం! తమ్ముడి ఇంట్లో, గోడ వెనక, రెండు గిన్నెలు తాగింది. అడుగు గీకి మరీ తాగింది. అక్కడ తిప్పని కడుపు ఇక్కడ ఎందుకు తిప్పుతుంది? నేను చెప్పాను కాబట్టి! నా మీద పంతానికి తన ఎముకలు తనే పిండి చేసుకుంటోంది. నేను పోతే పోతా, చిన్నమామయ్యా. ఆవిడ పడిపోతే ఎత్తడానికి ఎవరినైనా చూసుకోండి."

సందీలే కళ్ళు మూసుకున్నాడు. మాబేలే తిడుతుందని అందరూ ఎదురుచూశారు. ఆమె తిట్టలేదు. విరిగి అతుక్కున్న మణికట్టును రెండో చేత్తో పట్టుకుని, దానివైపే చూస్తూ కూర్చుంది.

"గోడ వెనక నిలబడి చూసిందట," అంది చివరికి. "ఇంకో నిమిషం ఆలోచించి ఉంటే తెలిసేది. అవి మా నాన్న మంద పాలు. అవి నావి."

వెలీలే ఆమె వైపు వంగాడు. "ఇవి నీవి కావా, వదినా?"

మాబేలే మొహం పక్కకు తిప్పుకుంది.

"వదినా. నీకు పాలు ముట్టించింది ఎవరు?"

"ఎవరూ లేరు."

వెలీలే మోకాలి మీది టోపీ జారి కింద పడింది. ఆయన తీసుకోలేదు.

"నలభై ఒక్క ఏళ్ళు," అంది మాబేలే. గొంతులో ఏడుపు లేదు, కోపం కూడా అరిగిపోయి ఉంది. "మీ అమ్మ మొదటి ఏడాది, కడుపు పండనీ చూద్దాం అంది. ఆడపిల్ల పుట్టింది. మగపిల్లాడు పుట్టనీ అంది. ఆ పిల్ల పోయింది. ఆ తర్వాత ఇంకోటీ పోయింది. ఇంట్లో ఇన్ని చావులప్పుడు వేడుకేంటి అంది. మీ అన్న బంగారు గనుల నుంచి ఏడాదికి ఒకసారి వచ్చేవాడు. నేను నోరు తెరిస్తే మా అమ్మనే తప్పుపడతావా అనేవాడు. ఒకసారి మాత్రం మేకను కూడా విడిగా కట్టారు. నల్లటి మేక, ఒక చెవి తెల్లగా ఉండేది. ఎన్నిసార్లు దాని మొహం చూసి మేత వేశానో. ఒకరోజు పొద్దున చూస్తే తాడు మాత్రమే ఉంది."

వెలీలే మొహం పాలిపోయింది. "ఒక చెవి తెలుపు," అన్నాడు. "అది... నేను కుర్రాళ్ళకి అడవిలో చేసే తంతు ముగించుకుని, మగవాడినై తిరిగొచ్చిన రోజు కోసింది. ఆ కుడి జబ్బ మాంసం నాకే పెట్టారు."

"తెలుసు. వండింది నేనే."

"నాకు తెలియదు, వదినా."

"నీకెలా తెలుస్తుంది? ఇరవై రెండేళ్ళవాడివి. తరవాత సందీలే పుట్టాడు. మీ అమ్మ పోయింది. అందరూ ఎప్పుడో జరిగే ఉంటుందిలే అనుకున్నారు. నేను వెళ్ళి ఎవరితో చెప్పను? ఇన్నాళ్ళు కాపురం చేసి, ఇద్దరు పిల్లల్ని ఈ దొడ్డి పక్కనే పూడ్చిపెట్టి, ఇంకా ఈ ఇంటిదాన్ని కాలేదని చెప్పుకోనా? పాలు పడవన్నాను. ఆ అబద్ధం బాగానే పనిచేసింది." అప్పుడు యోలిస్వా వైపు తిరిగింది. "పెద్దల అనుమతి లేకుండా వాళ్ళ పాలు తాగకుండా నలభై ఒక్క ఏళ్ళు కాపాడుకున్నానే. మిగిలింది అదొక్కటే నాకు. అది కూడా రొట్టెలో కలిపి పోగొట్టావు."

యోలిస్వా తల దించుకుంది. ఈ ఊరి కోడలే తను కూడా. పుట్టింటి పాలకూ అత్తింటి పాలకూ తేడా తెలియనిది కాదు. అయినా తట్టకపోవడానికి కారణం ఒకటే. రెండో రోజే, రేపు కాదు ఇవాళే అని పట్టుబట్టి, మేకను తెప్పించి, తనకు పాలు ముట్టించేలా చేసింది ఈమే. ఆ రోజు తలుపు బయటే నిలబడింది, లోపలికి రాలేదు. పనుల్లో ఉందేమో అనుకుంది తను. లోపలికి రావడానికి తనకే హక్కు లేదని నిలబడిందని ఇప్పుడు తెలిసింది. తాను తాగుతున్న ప్రతి గిన్నె వైపూ ఆమె ఎందుకు అలా చూసేదో కూడా తెలిసింది.

ఆమె చాప మీదనే మోకాళ్ళతో జరిగి, అత్త కాళ్ళ దగ్గర తల ఆనించింది. వీపు మీది పాప లేచి ఏడుపు మొదలుపెట్టింది.

"ముందు ఆ పిల్లని చూడు," అంది మాబేలే విసుగ్గా. "నాకు ఏడవడం మీ ఇద్దరి దగ్గరా నేర్చుకోవాల్సిన పని లేదు."

వెలీలే లేచాడు. దొడ్డి దాకా ఒక్కడే వెళ్ళి, ద్వారం దగ్గర టోపీ లేకుండా చాలాసేపు నిలబడి, పోయిన పెద్దలతో ఏదో చెప్పుకున్నాడు. తిరిగి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వచ్చే శనివారం," అన్నాడు. "మేక నా మందలోది. తిన్నవాణ్ణి నేను, తేవలసినవాణ్ణి నేను."

"పిచ్చా నీకు? ఈ వయసులో తలుపు వెనక పెళ్ళికూతురిలా కూర్చోనా? ఊరంతా నవ్వుతుంది."

"నవ్వనీ, అత్తయ్యా," అంది యోలిస్వా కళ్ళు తుడుచుకుంటూ. "నిన్న నేను నవ్వించాను. ఈసారి మీరు నవ్వించండి."

"నువ్వు మాట్లాడకు. నీ సంగతి ఇంకా తేలలేదు," అంది మాబేలే. కానీ పుట్టింటికి పంపించమన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

శనివారం ఊళ్ళో ఆడవాళ్ళందరూ వచ్చారు. మీటింగుకు రానివాళ్ళు కూడా వచ్చారు. తలుపు వెనక కొత్త చాప మీద, కనుబొమ్మల దాకా తలగుడ్డ దించుకుని, దుప్పటి కప్పుకుని మాబేలే కూర్చుంది. కొత్త కోడలికి తోడు కూర్చునే చోట యోలిస్వా కూర్చుంది.

"అమ్మో, పెళ్ళికూతురికి పళ్ళు ఊడిపోయాయే!" అంది నోజింతో గుమ్మంలోంచి.

"నీకు మిగిలినవి లెక్కపెట్టుకో," అంది దుప్పటి లోపలి గొంతు. గుడిసెంతా నవ్వింది.

వెలీలే లోపలికి రాగానే నవ్వులు ఆగాయి. కాల్చిన కుడి జబ్బ ముక్క ఆమె చేతికిచ్చాడు. తరవాత సొరబుర్ర లోంచి పాలు గిన్నెలో వంచి, రెండు చేతులతో పట్టుకుని ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అరవై ఏళ్ళ మగవాడు ఒక కోడలి ముందు అలా కూర్చోవడం అక్కడెవరూ చూడలేదు.

"జోలా ఇంటి పాలు, మాబేలే," అన్నాడు. "మా అమ్మ ఇవ్వాల్సినవి. ఆలస్యమైంది. తాగు."

ఆమె గిన్నె అందుకుంది. మణికట్టు బలం చాలలేదు. యోలిస్వా కింద నుంచి గిన్నెకు చెయ్యి ఆనించింది. ఈసారి మాబేలే తొయ్యలేదు. ఒక గుక్క తాగింది. ఆగింది. మళ్ళీ తాగింది. గిన్నె ఖాళీ అయ్యే దాకా దించలేదు. ఆడవాళ్ళ సంతోషపు కేకలు కొండ అవతలికి వినిపించాయి. ఆ సందడిలో నోజింతో మాత్రం కేక వెయ్యలేదు. యోలిస్వా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళి, ఎవరూ వినకుండా అంది. "నాకూ ఇవ్వలేదే. ముప్ఫై ఏళ్ళయింది. ఎవరితో చెప్పాలో చెప్పవే, నర్సమ్మా." ఆమె మొహంలో నవ్వు జాడ కూడా లేదు.

మర్నాడు పొద్దున యోలిస్వా రొట్టెపిండిలో నీళ్ళు పోసి కలిపింది. పొడి సంకటి గిన్నెల్లో వేసి, సొరబుర్ర తీసి, తలుపు వైపు చూడకుండా, అందరి ముందూ, మొదటి గిన్నెలో పాలు పోసి అత్తగారి చేతికిచ్చింది.

మాబేలే గరిటెతో కలిపి, ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది.

"ఒకరోజు ఎక్కువ పులియబెట్టావు," అంది.

"రేపు చూసుకుంటా, అత్తయ్యా."

"చూసుకో. నర్సువి, పాలు ఎప్పుడు తియ్యాలో కూడా నేనే చెప్పాలా?" అని గిన్నె మళ్ళీ ముందుకు చాపింది. "ఇంకొంచెం పొయ్యి."